సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్: డిగ్రీ కాలేజీ విద్యార్థికి ఎంతవరకు పనికొస్తుంది?

బీఎస్సీ చదివేవాళ్లకు ఎండాకాలం రెండు నెలలు నిజమైన పరిశోధనశాలలో చోటిచ్చి, ఖర్చులకు డబ్బు కూడా ఇచ్చే పథకాలు మన దేశంలో ఉన్నాయి. కానీ వాటిలో చాలావాటికి ఫలానా సంస్థలో చదువుతూ ఉండాలి, లేదా ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఉండాలి, లేదంటే తెలిసిన ప్రొఫెసర్ ఎవరో ఒకరు ఉండాలి. తాడేపల్లిగూడెంలోనో సిద్దిపేటలోనో డిగ్రీ కాలేజీలో బీజెడ్‌సీ చదివే అమ్మాయికి ఈ మూడూ ఉండవు. అలాంటి విద్యార్థి కూడా ఎవరి సిఫార్సు ఫోనూ లేకుండా నేరుగా దరఖాస్తు చేసుకోగల పథకాల్లో అన్నిటికంటే విస్తారమైనది మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే. పోల్చి చూసుకోవడానికి మరికొన్ని పథకాలు చివర్లో ఉన్నాయి.

ఆ మూడు అకాడమీలు ఇవి: 1934లో సి.వి. రామన్ బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, 1930లో మేఘనాద్ సాహా చొరవతో అలహాబాదులో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్. వీటికి సొంత ల్యాబులు లేవు. దేశమంతటా ఐఐఎస్సీ, టీఐఎఫ్‌ఆర్, ఐసర్లు, సీసీఎంబీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట్ల పనిచేసే శాస్త్రవేత్తల్లో విద్యార్థిని తీసుకోవడానికి ఒప్పుకున్నవాళ్లకు వీళ్లు విద్యార్థులను జతచేస్తారు, ఫెలోషిప్ డబ్బు ఇస్తారు. పథకం బలమూ బలహీనతా రెండూ ఈ ఏర్పాటులోంచే వస్తాయి. కాబట్టి దరఖాస్తు పెట్టేముందే ఇది అర్థం చేసుకోవాలి. మిమ్మల్ని ఎంచుకునేది అకాడమీ, మీకు పని నేర్పేది గైడ్, మీరు పడుకునే గది ఇచ్చేది ఆ గైడ్ పనిచేసే సంస్థ. ముగ్గురి మధ్య సమన్వయం చాలావరకు మీరే చేసుకోవాలి.

ప్రవేశ పరీక్ష లేదు. ఇంటర్వ్యూ లేదు. దరఖాస్తు రుసుము లేదు. మార్కుల మెమోలు, మీకు పాఠం చెప్పిన అధ్యాపకుల సిఫార్సు లేఖ, ఏం చేయాలనుకుంటున్నారో చెప్పే 150 నుంచి 250 పదాల చిన్న వ్యాసం. ఎంపికంతా ఈ మూడింటి మీదే. భౌతిక, రసాయన, జీవ, గణిత, భూవిజ్ఞాన శాస్త్రాలు, కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ విభాగాలన్నిటికీ అవకాశం ఉంది. అధ్యాపకులూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి మన డిగ్రీ కాలేజీల్లో చాలామంది లెక్చరర్లకు తెలియదు, తెలిస్తే వాళ్లూ వెళతారు, పిల్లలనూ పంపుతారు. దరఖాస్తులు సాధారణంగా నవంబరు ప్రాంతంలో ముగుస్తాయి. వేసవి గురించి మార్చిలో ఆలోచించడం మొదలుపెట్టేవాళ్లకు అప్పటికే తలుపు మూసుకుపోయి ఉంటుంది. ఏ సంవత్సరం విద్యార్థులు అర్హులు అన్నది ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి, పాత సీనియర్ మాట మీద ఆధారపడకూడదు.

ముందుగా డబ్బు సంగతి. విద్యార్థికి ఇచ్చే ఫెలోషిప్ ఇటీవలి కాలంలో నెలకు 12,500 రూపాయల స్థాయిలో ఉంది. అంటే ఎనిమిది వారాలకు సుమారు 25,000. రానూపోనూ రైలు ఖర్చు పరిమితికి లోబడి విడిగా ఇస్తారు. టికెట్లు జాగ్రత్తగా దాచుకోండి. ఐఆర్‌సీటీసీ మెయిల్‌ను పీడీఎఫ్‌గా దించి పెట్టుకుంటే చాలు. ఈ డబ్బు జీతం కాదు, ఉండటానికీ తినడానికీ ఇచ్చేది. సంస్థ హాస్టల్లో గది దొరికితే ఇందులోంచి కొంత మిగులుతుంది. బెంగళూరులో బయట షేరింగ్ పీజీలో ఉండాల్సివస్తే, భోజనంతో కలిపి నెలకు 8,000కి తక్కువ దొరకడం కష్టం. దానికి అడ్వాన్సు, రోజూ బస్సు ఖర్చు కలిపితే నెల ఫెలోషిప్ అటూ ఇటూగా సరిపోతుంది. హైదరాబాద్‌లో ల్యాబ్ వచ్చి, ఊళ్లో బంధువుల ఇల్లు ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. చేరిన మొదటి రోజే డబ్బు ఖాతాలో పడుతుందని మాత్రం లెక్కేసుకోవద్దు. చేరిన కాగితాలు, నివేదికలు, గైడ్ సంతకాలు అన్నీ కదిలాకే చెల్లింపు కదులుతుంది. కాబట్టి కనీసం 15,000 రూపాయలు ముందుగా చేతిలో పెట్టుకుని బయల్దేరాలి. ఆ మొత్తం ఇంట్లో కుదరని విద్యార్థులు ఎంపిక కాగితం చూపించి కాలేజీ ప్రిన్సిపాల్‌నో పూర్వవిద్యార్థుల సంఘాన్నో ముందే అడగాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చేతిలో డబ్బు లేక వచ్చిన ఫెలోషిప్ వదులుకోవడం మాత్రం చాలా బాధాకరమైన నష్టం.

బ్యాంకు ఖాతా విషయంలో ఒక చిక్కు ఉంది. మన పిల్లల్లో చాలామందికి స్కాలర్‌షిప్ కోసం ఎప్పుడో తెరిచిన ఖాతానే ఉంటుంది. అది పూర్తి కేవైసీ లేని స్మాల్ అకౌంట్ అయితే నిల్వ 50,000 దాటకూడదు, నెలకు 10,000కి మించి తీయకూడదు అన్న నిబంధనలు వర్తిస్తాయి. ఏళ్ల తరబడి వాడకపోతే ఖాతా నిద్రావస్థలోకి వెళ్లి ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క అక్షరంగా ఉన్నా చెల్లింపు ఆగవచ్చు. టెన్త్ మెమో, ఆధార్, పాస్‌బుక్ మూడింట్లో పేరు ఒకేలా ఉందో లేదో డిసెంబరులోనే సరిచూసుకోండి. ఎండాకాలంలో పరాయి ఊళ్లో ఉండి హోమ్ బ్రాంచి చుట్టూ తిరగలేరు.

ఇక దరఖాస్తులో అసలు బరువు మోసేది ఆ 250 పదాలు. మార్కుల మెమోలు అందరివీ దాదాపు ఒకేలా ఉంటాయి. మన కాలేజీల్లో 85 శాతం, 90 శాతం వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది. విడదీసి చూపేది వ్యాసమే. ఎక్కువమంది రాసే మొదటి వాక్యం ఎలా ఉంటుందంటే, చిన్నప్పటి నుంచీ సైన్స్ అంటే ప్రాణం, దేశానికి సేవ చేయాలని కోరిక, అవకాశమిస్తే కష్టపడి పనిచేస్తాను. ఇందులో ఏ వాక్యమూ తప్పు కాదు. కానీ ఆ దరఖాస్తు చదివే శాస్త్రవేత్తకు ఈ విద్యార్థిని ఏ ల్యాబుకు పంపాలో దీన్నిబట్టి తెలియదు. ఆయనకు కావలసింది మూడు సంగతులు: ఏం చేసి చూశారు, ఏ ప్రశ్న మీకు తెగలేదు, ఏ పద్ధతి నేర్చుకోవాలనుకుంటున్నారు.

ఉదాహరణకు రసాయనశాస్త్ర విద్యార్థి ఇలా రాయవచ్చు. కాలేజీ ల్యాబులో కలరీమీటర్‌తో పొటాషియం పర్మాంగనేట్ ద్రావణాల శోషణ కొలిచాం. పలుచని ద్రావణాల్లో గ్రాఫు గీత తిన్నగా వచ్చింది, గాఢత పెరిగాక వంగిపోయింది. కలరీమీటర్ ఫిల్టర్ గుండా వచ్చేది ఒకే తరంగదైర్ఘ్యం కాదు కాబట్టి ఇలా వంగిందా, లేక అయాన్ల మధ్య పరస్పర ప్రభావం వల్లనా అన్నది మా పరికరంతో తేల్చలేకపోయాం. స్పెక్ట్రోఫోటోమీటర్ మీద పని నేర్చుకుని, కొలతలో వచ్చే పొరపాట్లను వేరుచేయడం తెలుసుకోవాలని ఉంది. ఇది డిగ్రీ సిలబస్‌లో ఉన్న మామూలు ప్రయోగమే. కానీ దీన్ని రాసిన విద్యార్థి రికార్డు కాపీ కొట్టలేదని, గీతను నిజంగా చూశాడని తెలిసిపోతుంది. అలాగే అనంతపురం విద్యార్థి వేరుశనగ గింజల మీద పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు గురించి రాయవచ్చు: నిల్వలో తేమ పెరిగితే అది చేసే అఫ్లటాక్సిన్ అనే విషం ఎందుకు పెరుగుతుంది, ఒకే జాతి బూజులో కొన్ని రకాలు విషాన్ని చేస్తాయి, కొన్ని చేయవు, ఆ తేడాను డీఎన్‌ఏ స్థాయిలో ఎలా పట్టుకుంటారు. మీ చుట్టూ ఉన్న సమస్యలోంచి ప్రశ్న పుడితే దానికి బలం ఎక్కువ, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు.

పదాల పంపకం ఇలా ఉంటే బాగుంటుంది: చేసి చూసినదానికి 60, ప్రశ్నకు 100, నేర్చుకోవాలనుకున్న పద్ధతులకు 60, మిగతా 30 పదాల్లో దగ్గరి అంశాలేవైనా సరే పనిచేయడానికి సిద్ధమని చెప్పడం. ఆ చివరి 30 ముఖ్యం. మరీ ఇరుకైన అంశం ఒక్కటే కావాలని రాస్తే, ఆ పని చేసే గైడ్ ఆ ఏడు విద్యార్థిని తీసుకోకపోతే మీ దరఖాస్తు పక్కకు పోతుంది. ‘క్యాన్సర్‌కు మందు కనిపెట్టడం’ లాంటి పెద్ద మాటలు ఎనిమిది వారాల పనికి అతకవు. చాట్ యంత్రాలతో రాయించిన వ్యాసాలు ఇప్పుడు కుప్పలుగా వస్తాయి. అన్నీ ఒకే నున్నదనంతో ఉంటాయి, వాటిలో మీ ల్యాబు కనిపించదు. ఇంగ్లీషు కాస్త తడబడినా ఫర్వాలేదు, ప్రయోగం మీదైతే చాలు. రాశాక ఇంగ్లీషు లెక్చరర్ కంటే ముందు మీ సబ్జెక్టు లెక్చరర్‌కు చూపించండి.

సిఫార్సు లేఖ దగ్గర మన కాలేజీల్లో జరిగే తప్పు ఒకటే. ‘ఈ విద్యార్థి సత్ప్రవర్తన కలవాడు, క్రమశిక్షణ గలవాడు’ అని కండక్ట్ సర్టిఫికెట్ భాషలో రాసి ప్రిన్సిపాల్ ముద్ర కొట్టి ఇస్తారు. పరిశోధన సంస్థలో దానికి విలువ దాదాపు లేదు. మిమ్మల్ని ప్రాక్టికల్స్‌లో దగ్గర నుంచి చూసిన మేడమ్ లేదా సార్ రాయాలి, ఒక నిర్దిష్టమైన సంఘటన ఉండాలి. ఉదాహరణకు, టైట్రేషన్ విలువలు కలవకపోతే సర్దేయకుండా ద్రావణాన్ని మళ్లీ ప్రామాణీకరించి చూసింది అన్న ఒక్క వాక్యం పేజీడు పొగడ్త కంటే మేలు. లెక్చరర్ గారికి ఇరవై తరగతులు, పరీక్షల డ్యూటీలు ఉంటాయి. కాబట్టి గడువుకు కనీసం మూడు వారాల ముందు అడిగి, మీ మెమోలు, వ్యాసం, మీరు చేసిన సెమినార్ల వివరం ఒక కాగితం మీద పెట్టి ఇవ్వాలి. లేఖ మీరే రాసుకుని సంతకం పెట్టించుకోవడం చాలాచోట్ల వాడుకలో ఉంది. అది వద్దు. వ్యాసం, లేఖ ఒకే చేతివి అని చదివేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

ఎంపిక కబురు వచ్చాక పథకంలోని అసలు లోపం బయటపడుతుంది. ఏ గైడ్ దగ్గర అన్నది అకాడమీ చెబుతుంది, కానీ బస హామీ ఇవ్వదు. వేసవిలో పెద్ద సంస్థల హాస్టళ్లు నిండిపోతాయి. అమ్మాయిల విషయంలో బస ఖాయం కాకపోతే ఇంట్లో పంపరు, ఈ కారణంగా వదులుకునేవాళ్లు ఉన్నారు. దేశస్థాయి పథకం ఈ ఒక్క విషయంలో చేయూతనిస్తే చిన్న ఊళ్ల ఆడపిల్లల సంఖ్య పెరుగుతుందన్నది మా గట్టి నమ్మకం. ప్రస్తుతానికి చేయగలిగింది, కబురు వచ్చిన రెండు మూడు రోజుల్లోనే గైడ్‌కు మెయిల్ రాయడం. ఆ మెయిల్‌లో ఐదు సంగతులు అడగండి: ఏ తేదీన చేరమంటారు, గెస్ట్ హౌస్ లేదా హాస్టల్‌కు ఎవరికి దరఖాస్తు పెట్టాలి, కాలేజీ నుంచి ఏ కాగితాలు తేవాలి, రోజువారీ పని నేర్పే పీహెచ్‌డీ స్కాలర్ ఎవరు, వచ్చేలోపు ఏం చదవాలి. పది రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఇంకో మెయిల్. అప్పటికీ రాకపోతే అకాడమీ కార్యాలయానికి తెలియజేయాలి. గైడ్లు ప్రయాణాల్లో ఉంటారు, జవాబు ఆలస్యమైతే మీరు వద్దని కాదు.

తేదీల దగ్గర రెండో చిక్కు. మన యూనివర్సిటీల సెమిస్టర్ పరీక్షలు మే దాటి జూన్‌లోకి జారడం కొత్త కాదు. చేరే తేదీ గైడ్‌తో మాట్లాడి కొంత ముందువెనకలు చేసుకోవచ్చు. కానీ మధ్యలో పది రోజులు పరీక్షలకు వెళ్లి వస్తానంటే ల్యాబ్ పని చెడుతుంది. కణాల కల్చర్, మొలకలు, బాక్టీరియా మీ పరీక్షల కోసం ఆగవు. టైంటేబుల్ రాకపోయినా నిరుటి తేదీలు చూసి ఒక అంచనా ముందే చెప్పేయడం నిజాయితీ.

ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు ఇక్కడ ఒక సానుకూలత ఉంది. 2020-21 నుంచి వచ్చిన డిగ్రీ విధానంలో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఎనిమిది వారాల ఫెలోషిప్ ఆ రెండో ఏడాది ఇంటర్న్‌షిప్‌కు అచ్చంగా సరిపోయే నిడివి. కాకపోతే తిరిగొచ్చి సర్టిఫికెట్ చూపిస్తే సరిపోతుందని అనుకోవద్దు. వెళ్లేముందే కాలేజీ మెంటార్‌తో మాట్లాడి, లాగ్ బుక్ ఏ రూపంలో కావాలో, ల్యాబులో ఎవరి సంతకం చెల్లుతుందో రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలి. లేకపోతే ఎనిమిది వారాలు పనిచేసి వచ్చి, కాలేజీ లెక్క కోసం ఇంకో ఇంటర్న్‌షిప్ చేయాల్సి వస్తుంది.

ల్యాబులో ఎనిమిది వారాలు ఎంత తొందరగా గడిచిపోతాయో తెలియాలంటే ఒక సాధారణ జీవశాస్త్ర ప్రాజెక్టును చూడండి. ఒక జన్యువును పీసీఆర్ చేసి (అంటే దాని కాపీలు పెంచి), ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంలో పెట్టి, సీక్వెన్స్ చేసి సరిచూడటం. కాగితం మీద మూడు వారాల పని. కానీ ప్రైమర్లు, అంటే పీసీఆర్‌కు కావలసిన చిన్న డీఎన్‌ఏ ముక్కలు, ఆర్డర్ పెట్టి చేతికి రావడానికే వారం పడుతుంది. మొదటి వారం భద్రతా నియమాలు, పైపెట్ పట్టుకోవడం, బఫర్లు కలపడంతో పోతుంది. మొదటి పీసీఆర్ సాధారణంగా రాదు. అనీలింగ్ ఉష్ణోగ్రత మార్చి, మెగ్నీషియం మార్చి, చివరికి టెంప్లేట్ డీఎన్‌ఏ పాడైందని తేలేసరికి మూడో వారం అయిపోతుంది. లైగేషన్ (జన్యువును ప్లాస్మిడ్‌కు అతికించడం) తర్వాత ప్లేటు మీద బాక్టీరియా కాలనీలు లేకపోతే మళ్లీ మొదటికి. సీక్వెన్సింగ్ ఫలితానికి మరికొన్ని రోజులు. ఆరో వారంలో ఒక సరైన క్లోన్ దొరికితే అది మంచి వేసవి కింద లెక్క. అందుకే చేరేముందే గైడ్‌ను అడగాల్సిన ప్రశ్న: నాకు కావలసిన రసాయనాలు, ప్రైమర్లు, నమూనాలు ల్యాబులో ఇప్పటికే ఉన్నాయా? లేవంటే ఈలోపు ఆర్డర్ పెట్టగలరా? ఈ ఒక్క ప్రశ్న రెండు వారాలు మిగులుస్తుంది. జంతువుల మీద ప్రయోగాలకు నైతిక కమిటీ అనుమతి ముందే ఉండాలి, అది రెండు నెలల్లో కొత్తగా తెచ్చుకునేది కాదు.

సింథటిక్ కెమిస్ట్రీలో ఆటంకం ఎక్కువగా శుద్ధి దగ్గర వస్తుంది. చర్య రెండు గంటల్లో అయిపోతుంది, కాలమ్ మీద వేరుచేయడానికి రోజంతా పడుతుంది. టీఎల్‌సీ మీద రెండు చుక్కలు విడిపోయే ద్రావణి మిశ్రమం దొరకకుండా కాలమ్ పెట్టేస్తే పదార్థం, రోజు రెండూ పోతాయి. ఎన్‌ఎంఆర్ యంత్రానికి వరుస ఉంటుంది, ఆ స్లాట్ పద్ధతి మొదటి వారంలోనే తెలుసుకోండి. భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం, కంప్యుటేషనల్ కెమిస్ట్రీ ప్రాజెక్టులు రెండు నెలల్లో పూర్తయ్యే అవకాశం ఎక్కువ. కానీ పైథాన్, లైనక్స్ కమాండ్లు తెలియకుండా వెళితే సగం వేసవి వాటికే పోతుంది. ఏప్రిల్‌లో రోజుకు గంట చొప్పున పైథాన్ లైబ్రరీలైన నంపై, మాట్‌ప్లాట్‌లిబ్ సాధన చేసి వెళ్లిన విద్యార్థి మొదటి వారంలోనే డేటా ముట్టుకోగలుగుతాడు. గణితంలో ఎక్కువగా రీడింగ్ ప్రాజెక్టులే ఉంటాయి. ఒక గ్రంథంలోని కొన్ని అధ్యాయాలు చదివి గైడ్‌కు బోర్డు మీద వివరించాలి. కొత్త సిద్ధాంతం కనుక్కోలేదని నిరాశపడేవాళ్లు ఉంటారు, కానీ ఒక పెద్ద సిద్ధాంతాన్ని రుజువుతో సహా నిలబడి చెప్పగలగడం డిగ్రీ స్థాయిలో గొప్ప ఫలితమే.

అకాడమీ నాలుగో వారంలో ఒక మధ్యంతర నివేదిక, చివర్లో పూర్తి నివేదిక అడుగుతుంది. ఈ నాలుగో వారం నివేదికను చాలామంది తంతుగా చూస్తారు. మాకు పథకంలో బాగా నచ్చిన అంశం అదే. అప్పటికి ఏమీ రాలేదని తెలిస్తే, ప్రశ్నను కుదించి మిగిలిన నాలుగు వారాల్లో పూర్తయ్యే ముక్కను ఎంచుకునే సమయం ఇంకా ఉంటుంది. రాని ప్రయోగాలను కూడా రాయండి: ఏ పరిస్థితుల్లో చేశారు, ఏం కనిపించింది, కారణం ఏమై ఉండవచ్చు. అందుకు నోట్‌బుక్ కావాలి. కుట్టిన పుస్తకం, పేజీ నంబర్లు, తేదీ, సిరాతో రాత. కాలేజీ రికార్డులా ‘ఉద్దేశం, పద్ధతి, ఫలితం’ అని ఇంటికెళ్లి నీటుగా రాసుకునేది కాదు, తూకం వేసిన క్షణాన్నే అక్కడే రాసేది. ఎంత గ్రాములు తూచాలనుకున్నారో కాదు, త్రాసు ఎంత చూపించిందో రాయాలి.

ఇతర పథకాల్లో మొదటగా చెప్పాల్సింది ఇన్‌స్పైర్ షీ స్కాలర్‌షిప్. ఇంటర్ బోర్డులో మొదటి ఒక శాతంలో నిలిచి బేసిక్ సైన్సెస్ చదివేవాళ్లకు ఏడాదికి 80,000 అని అందరికీ తెలుసు. అందులో 60,000 మాత్రమే స్కాలర్‌షిప్, మిగిలిన 20,000 వేసవి ప్రాజెక్టు కోసం ఉద్దేశించిన మెంటర్‌షిప్ గ్రాంటు అన్న సంగతి మాత్రం చాలామంది విద్యార్థులకు పట్టదు. గుర్తింపు పొందిన సంస్థలో ప్రాజెక్టు చేసి నివేదిక, గైడ్ సర్టిఫికెట్ పెడితేనే అది. ఇన్‌స్పైర్ ఉన్న విద్యార్థి ల్యాబు తనంతట తానే వెతుక్కోవాలి, కానీ డబ్బు తన వెంట తీసుకెళ్తాడు. ఫెలోషిప్ ఇవ్వలేని చిన్న యూనివర్సిటీ ప్రొఫెసర్‌ను అడిగేటప్పుడు ఇది పెద్ద బలం. అకాడమీ ఫెలోషిప్ కూడా వస్తే ఒకే పనికి రెండూ తీసుకోవచ్చా అన్నది రెండు కార్యాలయాలనూ మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకుని ముందుకెళ్లండి.

మొదటి ఏడాది బీఎస్సీ విద్యార్థులకు ముంబైలోని హోమీ భాభా సెంటర్ నడిపే నియస్ (నేషనల్ ఇనిషియేటివ్ ఆన్ అండర్‌గ్రాడ్యుయేట్ సైన్స్) మంచి మార్గం. శిబిరంతో మొదలై, బాగా చేసినవాళ్లకు ప్రాజెక్టుగా సాగుతుంది. బస, భోజనం, ప్రయాణం వాళ్లే చూసుకుంటారు. బస విషయంలో అకాడమీ పథకం కంటే ఇది ఎంతో నిశ్చింత. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో పోబ్, పోస్ అనే కార్యక్రమాలున్నాయి. ఒకటి జీవశాస్త్రానికి, ఒకటి రసాయనశాస్త్రానికి. ఎంపికైన బీఎస్సీ విద్యార్థి వరుసగా మూడు వేసవులు అక్కడికే వెళ్లి, చివరికి డిప్లొమా అందుకుంటాడు. లోతు పరంగా వీటికి సాటి తక్కువ, సీట్లూ తక్కువే. టీఐఎఫ్‌ఆర్ వారి వీఎస్‌ఆర్‌పీ, పుణేలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా వారి వెకేషన్ స్టూడెంట్స్ ప్రోగ్రామ్ ప్రధానంగా ఎమ్మెస్సీ మొదటి ఏడాది స్థాయికి తగినవి. ఐయూకాలో బాగా చేస్తే పీహెచ్‌డీకి ముందస్తు ఎంపిక అవకాశం కూడా ఉంటుంది. ఐఐటీ కాన్పూర్ సర్జ్, ఐఐటీ హైదరాబాద్ ష్యూర్ వంటివి ఇంజినీరింగ్ వైపు మొగ్గుతాయి.

విదేశాల సంగతి క్లుప్తంగా. జర్మనీకి చెందిన డాడ్ సంస్థ వారి వైజ్ ఇంటర్న్‌షిప్ ఎంపిక చేసిన భారతీయ సంస్థల విద్యార్థులకే, మీ కాలేజీ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. కెనడా మైటాక్స్ గ్లోబలింక్ 12 వారాలు, గడువు సెప్టెంబరు ప్రాంతంలోనే. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో నడిచే ఆర్‌ఈయూ సైట్లు పది వారాలు, స్టైపెండ్, బస ఇచ్చే అద్భుతమైన కార్యక్రమాలు. కానీ అవి అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. అక్కడ పెరిగినా హెచ్-4 ఆధారిత వీసా మీద ఉన్న మన తెలుగు పిల్లలకు ఈ నిధులు వర్తించవు. వాళ్లు తమ యూనివర్సిటీ సొంత నిధులతో నడిపే వేసవి కార్యక్రమాలను అడగాలి, వీసా నిబంధనల ప్రకారం స్టైపెండ్ తీసుకోవచ్చో లేదో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ముందే కనుక్కోవాలి.

వేటిలోనూ రాకపోతే నేరుగా ప్రొఫెసర్లకు రాయడం ఉంది. ఒకే మెయిల్ యాభైమందికి బీసీసీ పెట్టొద్దు. దగ్గరలోని యూనివర్సిటీ వెబ్‌సైటులో పదిమందిని ఎంచుకుని, ఒక్కొక్కరి ఇటీవలి పేపరు సారాంశం చదివి, పన్నెండు పదిహేను వరుసల్లో విడివిడిగా రాయండి. స్టైపెండ్ లేకపోయినా బస దొరుకుతుందా అని సూటిగా అడగవచ్చు. కొన్ని ప్రభుత్వ ల్యాబులు ప్రాజెక్టు శిక్షణకు విద్యార్థి నుంచే రుసుము తీసుకుంటాయి. అది ప్రకటనలో బాహాటంగా ఉంటుంది, చట్టబద్ధమే, కానీ అది ఫెలోషిప్ కాదు. ఇక ఐదు వేలు కడితే రెండు వారాల్లో ‘రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్’ ఇస్తామని వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలు వేరే రకం. ల్యాబు చిరునామా, గైడ్ పేరు, ఆయన ప్రచురించిన పని ఈ మూడూ కనిపించని చోట రూపాయి కూడా కట్టవద్దు. పేద ఇళ్ల పిల్లలే వీటికి ఎక్కువగా డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఫెలోషిప్ దొరికినవాళ్లు ఎనిమిదో వారంలో మరవకూడని పనులు కొన్ని. డేటా, కోడ్ ల్యాబ్ కంప్యూటర్‌లో ఎక్కడ ఏ పేరుతో ఉన్నాయో ఒక పేజీ రాసి నేర్పిన స్కాలర్‌కు ఇవ్వండి. సొంతానికి కాపీ తీసుకోవచ్చా అని గైడ్‌ను అడిగి, ఒప్పుకుంటేనే తీసుకోండి. నోట్‌బుక్ ల్యాబుకే చెందుతుంది, నివేదికకు కావలసిన పేజీలు ఫొటో తీసుకోండి. సీసాల మీద మీ పేరు, తేదీ, పదార్థం పేరు రాసి ఉండాలి, ఏమిటో తెలియని సీసా వదిలి రావద్దు. నివేదిక ముసాయిదా చివరి రోజుకు ఐదు రోజుల ముందే గైడ్ చేతిలో ఉండాలి, లేకపోతే సంతకం కోసం మళ్లీ రైలెక్కాల్సి వస్తుంది. హాస్టల్ నో డ్యూస్, ఐడీ కార్డు, లైబ్రరీ పుస్తకాలు ముందురోజే తేల్చుకోండి. ఎమ్మెస్సీ దరఖాస్తులకు సిఫార్సు లేఖ ఇస్తారా అని గైడ్‌ను ఎదురుగా ఉన్నప్పుడే అడగండి. ఇస్తామంటే, మీరు ఏ వారం ఏం చేశారో ఒక పేజీలో రాసి మెయిల్ పెట్టి రండి. ఏడాది తర్వాత ఆ లేఖ రాసే రోజున గైడ్‌కు ఆ పేజీ పనికొస్తుంది.